మైల పట్టేవాడు

కారు అద్దం మీద రాత్రి పడ్డ దుమ్మును తిమ్మప్ప తడిగుడ్డతో రెండోసారి తుడుస్తున్నాడు. మొదటిసారి తుడిస్తే దుమ్ము కాస్తా బురదవుతుంది. రెండోసారికి చారలు తేలతాయి. మూడోసారికి గానీ అద్దం అద్దంలా కనబడదు. ఖతార్‌లోని ఉమ్ సలాల్‌లో ఇది రోజూ ఉండే భాగోతమే. జూన్ నెల. పొద్దు ఇంకా సరిగ్గా పొడవనే లేదు, అప్పుడే చొక్కా వీపుకు అతుక్కుపోయింది. బకెట్లో నీళ్ళు కూడా వెచ్చగానే ఉన్నాయి.

మనిషి పొట్టి. మెడ కనబడదు, తలను తెచ్చి సరాసరి భుజాల మీద పెట్టినట్టు ఉంటాడు. సీట్లో కూర్చుని కూర్చుని పొట్ట ముందుకొచ్చింది. మీసానికి నల్లరంగు వేస్తాడు, తలకు వెయ్యడు. తల మీద ఎలాగూ టోపీ ఉంటుంది గదా, దానికి రంగు దండగ అంటాడు. ఇరవై ఏళ్ళ పైమాటగా ఈ ఒక్క ఇంట్లోనే హౌస్ డ్రైవరు. ఇంటి పెద్దాయనను అందరిలాగే బాబా అంటాడు, పెద్దావిడను మామా అంటాడు. వాళ్ళ పిల్లల్ని బడికి దింపాడు. ఆ పిల్లలకు పెళ్ళిళ్ళయి పిల్లలు పుడితే, ఇప్పుడు వాళ్ళనీ దింపుతున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కారుకు గీత పడనివ్వలేదు, ఎవరితోనూ మాటా మాటా అనుకోలేదు. అతని గురించి ఎవరైనా మంచో చెడో గట్టిగా మాట్లాడుకున్నదీ లేదు.

జేబులో ఫోను మోగింది. రాయచోటి దగ్గర ఊళ్ళో ఉన్న భార్య నాగలక్ష్మి వీడియోలో పిలుస్తోంది. ఫోను ఎత్తగానే ఆమె ముఖం కాదు, ఒక గడప కనబడింది.

"ఏమయ్యా, చూడు. పసుపు మరీ ఎక్కువ పూసినారని కోడలు అంటాంది. నీకెట్లుండాది?"

"బాగుండాదిలే. గడపకు పసుపు ఎక్కువయ్యేదేముంది?"

"ఆదివారం పొద్దున ముహూర్తం. వంటోళ్ళకు చెప్పేసినా. పీటల మింద పెద్దోడూ కోడలూ కూచుంటారు. నువ్వేమో ఫోన్లో చూస్తువులే." ఆమె నవ్వుతూనే అంది గానీ, ఆ నవ్వులో నిష్ఠూరం దాగలేదు.

ఆ ఇల్లే తిమ్మప్ప జీవితం అంటే అతిశయోక్తి కాదు. ఒక ఏడు పునాది వేశాడు. రెండేళ్ళు ఆ పునాదిలో గడ్డి మొలిచింది. మరో ఏడు గోడలు లేచాయి, కూతురి కాన్పుకని ఆగాయి, మళ్ళీ లేచాయి. అతను ఊరికి పోయిన ప్రతిసారీ ఇల్లు ఇంకొంచెం పైకి ఎదిగి కనబడేది. ఇప్పటికి పూర్తయింది. ఈ ఆదివారం దాటితే ఆషాఢం వస్తుంది, శ్రావణం దాకా ముహూర్తాలు లేవని అయ్యవారు తేల్చి చెప్పాడు. సెలవు దొరకలేదు. పోనీ, ఫోన్లోనైనా పాలు పొంగేది చూడొచ్చని తిమ్మప్ప గంపెడాశతో ఉన్నాడు.

కారు తుడవడం అయ్యాక గ్లాసులో టీ పోసుకుని పెరట్లోకి నడిచాడు. ఇంటి వెనక బాబాకు ఖర్జూరపు తోట ఉంది. తోట చివర పంపు గది, దాన్ని ఆనుకుని ఇంకో గది. అందులో మౌలాలి ఉంటాడు. తోటకు నీళ్ళు పెట్టేది, చెట్లెక్కి గెలలు దించేది ఇన్నాళ్ళూ అతనే. ఒకప్పుడు ఆరడుగుల పైన ఉండే ఆజానుబాహువు, ఇప్పుడు ఎముకల గూడు. కాళ్ళు మాత్రం వాచి, చెప్పుల్లో పట్టడం లేదు. గుండె సగమే పనిచేస్తోందని డాక్టర్లు తేల్చి, పది రోజుల కిందట ఆసుపత్రి నుంచి పంపేశారు. బాబా శుక్రవారానికి టికెట్టు తీయించాడు. ఊరికి పోయి అక్కడ చూపించుకొమ్మన్నాడు.

"టీ తాగు బావా."

"ఆడ పెట్టు తమ్ముడా."

ఈ పిలుపులు విన్న తెలుగువాళ్ళెవరైనా సరే, ఆగి నవ్వుతారు. ఒకడు బావా అంటే రెండోవాడు బామ్మర్దీ అనాలి. ఒకడు తమ్ముడా అంటే రెండోవాడు అన్నా అనాలి. వీళ్ళిద్దరిదీ ఎవరి పట్టు వారిదే. తిమ్మప్పను ఖతార్‌కు పిలిపించి, బాబాతో మాట్లాడి ఉద్యోగం ఇప్పించింది మౌలాలే. ఎయిర్‌పోర్టులో దిగినప్పుడు "వస్తివా తమ్ముడా" అని అతను అన్నాడు, "వస్తి బావా" అని ఇతను అన్నాడు. అప్పటినుంచీ అదే తంతు.

అసలు మౌలాలి పేరే ఒక తిరకాసు. పిల్లలు నిలవడం లేదని తల్లి దర్గాకు మొక్కుకుని ఆ పేరు పెట్టింది. వాళ్ళ సీమలో ఇదేం వింత కాదు గానీ, బాబాకు మాత్రం అర్థం కాలేదు. కొత్తలో ఒక శుక్రవారం, మసీదుకు రమ్మని పిలిస్తే, నేను హిందువునని మౌలాలి చెప్పాడట. బాబా నోరు తెరిచి అలాగే నిలబడిపోయి, తర్వాత తోట అంతా వినబడేలా నవ్వాడట. ఆ కథ మౌలాలి ఎన్నిసార్లు చెప్పినా తిమ్మప్ప మళ్ళీ నవ్వేవాడు.

వరసల తగాదా మాత్రం నవ్వులాట కాదు. ఇద్దరి ఇంటిపేరూ నీరుగంటి. తాతల తాతల నాడు ఓబన్న అనే ఆయన ఊరి పొలాలకు నీళ్ళు వదిలేవాడు. ఆ పనికి ఆయనకు కొంత ఇనాం భూమి ఉండేది. ఆయన తర్వాత నరసన్న, గంగడు అని ఇద్దరు. నరసన్న కొమ్మలో తిమ్మప్ప, గంగడి కొమ్మలో మౌలాలి. ఇద్దరూ ఓబన్న కొడుకులేనని మౌలాలి ఇంటివాళ్ళు అంటారు. కాదు, గంగడు పక్కూరి నుంచి వచ్చి ఓబన్న కూతుర్ని చేసుకున్న ఇల్లరికపు అల్లుడు, ఇంటిపేరు మార్చుకుని కూర్చున్నాడు అని తిమ్మప్ప ఇంటి పెద్దలు అంటారు.

కొడుకులైతే దాయాదులు. ఒక ఇంట్లో చావు జరిగితే రెండో ఇంటికీ పదకొండు రోజులు మైల. దేవుడి దీపం ఉండదు, శుభకార్యం ఉండదు, కూరలో తాలింపు కూడా పడదు. అల్లుడి సంతానమైతే బావా బామ్మర్దులు. వచ్చి, చూసి, కళ్ళు తుడుచుకుని, ఇంటికి పోయి తలమీద నీళ్ళు పోసుకుంటే తీరిపోతుంది. ఎప్పుడో భూమి పంచుకునే నాడు మొదలైన మాట అది. భూమి ఎవరికీ మిగల్లేదు, మాట మిగిలింది. మౌలాలి తండ్రి పోయిన మూడో రోజు ఉగాది వస్తే, సందుకు ఈవల తిమ్మప్ప ఇంట్లో పెనం పెట్టి ఓళిగలు, అదే బొబ్బట్లు, కాల్చారు. మౌలాలి దాన్ని కోపంగా ఎన్నడూ ఎత్తలేదు. "మీ అమ్మ ఓళిగలు బాగా చేస్తాది రా తమ్ముడా, ఆ పొద్దు వాసనకే తెలిసిపాయె" అని మాత్రం ఒకసారి అన్నాడు. అది విన్నాక తిమ్మప్పకు ఆ పూట ముద్ద దిగలేదు.

మౌలాలికి పిల్లలు లేరు. భార్య ఆంజనమ్మ పోయి చాలా కాలమైంది. అన్నదమ్ములు అసలే లేరు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు, మంచం మీద వాలి, పైకప్పు చూస్తూ అన్నాడు:

"చచ్చేదానికి నాకేం భయం లేదు రా. నేను పోతే మైల పట్టేవాడు ఒక్కడూ లేడే, అదీ బాధ. ఆ పొద్దు ఊర్లో ప్రతి ఇంట్లోనూ తాలింపు వేస్తారు. కుక్క పోయినట్టే గదా."

అప్పటినుంచీ ఆ మాట తిమ్మప్పను పట్టుకుని వదలడం లేదు.

"ఈ పొద్దు చెప్తానంది గదా ఆ టీచరమ్మ?" టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అడిగాడు మౌలాలి.

"ఆ. పిల్లోళ్ళను దింపేటప్పుడు రమ్మనింది."

"ఏం వచ్చినా ఉండేది ఉండేట్టు చెప్పు. నా మొగం చూసి మార్చొద్దు."

టీచరమ్మ పేరు అరుంధతి. బాపట్ల వైపు ఆవిడ, అల్ వుకైర్‌లో కాపురం. బాబా మనవలు చదివే బడిలో లెక్కలు చెబుతుంది. వేసవికి ముందు ఒక సాయంత్రం, కారు పక్కన నిలబడి తిమ్మప్ప ఫోన్లో "బావా" అనడం, అవతలి నుంచి "తమ్ముడా" అని వినబడడం ఆవిడ చెవిన పడింది. "ఇదేం వరసండీ బాబూ!" అని పకపకా నవ్వింది. కథంతా విన్నాక మాత్రం నవ్వు ఆపేసింది. పాత ఇంగ్లీషు కాగితాల్లో పూర్వీకులను వెతకడం ఆవిడకు పిచ్చి. తన పుట్టింటి వంశం ఆరు తరాలు ఎక్కించింది. ఆవిడ మరిది కడపలో భూమి కేసులు చూసే లాయరు. మీ ఊరి పేరు, ఇంటిపేరు చెప్పండి, నేను తీయిస్తాను అంది.

బడి దగ్గర పిల్లల్ని దింపి, కారు నీడలో ఆపాడు. అరుంధతి గబగబా వచ్చింది. బ్యాగులోంచి ఫోను తీసి, వేళ్ళతో పెద్దది చేసి చూపించింది. పసుపుబారిన కాగితం, మీద వంకర టింకర ఇంగ్లీషు రాత. తిమ్మప్పకు ఇంగ్లీషులో సైన్‌బోర్డులు తప్ప చదవడం రాదు. అయినా వంగి శ్రద్ధగా చూశాడు.

"ఇది ఇనాం విచారణప్పటిదండి. ఎవరి భూమి ఎవరిదో తేల్చడానికి తెల్లదొర ఊరి బయట డేరా వేసుకుని, ఒక్కొక్కరినీ పిలిచి అడిగి రాయించాడు. ఓబన్న గారు స్వయంగా వెళ్ళి చెప్పారు. 'నాకు ఇద్దరు కొడుకులు, నరసన్న, గంగడు' అని. ఇదిగోండి, ఇక్కడ."

తిమ్మప్ప చటుక్కున తలెత్తాడు. "అయితే అన్నదమ్ములే!"

"ఆగండి తిమ్మప్ప గారూ, ఇంకో కాగితం ఉంది." ఆవిడ గొంతు తగ్గింది. "ఓబన్న గారు పోయాక భూమి కోసం నరసన్న కడప కోర్టుకెక్కాడు. ఇందులో గంగడు గారి వాంగ్మూలం ఉంది. ప్రమాణం చేసి చెప్పాడు. నేను ఓబన్న కూతురు మొగుణ్ణి, చిన్నప్పుడే ఇల్లరికం తెచ్చుకున్నారు అని. సంతకం రాదు, గీటు పెట్టాడు."

"ఓబన్న అబద్ధం చెప్పినాడా అయితే? దొర ముందర నిలబడి?"

"చెప్పే ఉంటాడండి. అల్లుడంటే భూమి రాస్తాడో రాయడో అని భయపడి ఉంటాడు. ఈ ఇంగ్లీషు కాగితాలన్నీ అంతే. అడిగేవాడికి ఊరు తెలీదు, చెప్పేవాడికి చదువు తెలీదు. ఏది చెప్తే అది రాసుకుపోయేవాళ్ళు. కానీ గంగడు గారి మాట వేరు. అల్లుణ్ణని ఒప్పుకుంటే నష్టపోయేది ఆయనే. అయినా ఒప్పుకున్నాడంటే అదే నిజం. కోర్టూ దాన్నే తీసుకుంది." ఫోను బ్యాగులో పెట్టుకుంది. "మీరూ ఆయనా బావా బామ్మర్దులేనండి. ఆయన బాగోలేని మనిషి కదా, మొదటి కాగితం ఒక్కటే చెప్పినా తప్పేం లేదేమో చూడండి."

"లేదు టీచరమ్మా. ఉండేది ఉండేట్టు చెప్పమన్యాడు."

దణ్ణం పెట్టి కారెక్కాడు. అప్పుడే నాగలక్ష్మి ఫోను. ఏమైందని అడిగింది. అల్లుడేనంట అని చెప్పాడు. "అయ్యో పాపం అన్న" అంది, వెంటనే, "పోనీలే, ఆదివారానికి ఏ అడ్డమూ ఉండదు" అంది. తిమ్మప్పకు కూడా ఆ మాట ముందే తట్టింది. కాగితం సంగతి వినగానే లోపలెక్కడో ఒక మూల, ఇల్లు నిలబడిందిలే అన్న ఊరట కలిగింది. ఆ ఊరట చూసుకుని తన మీద తనకే ఒళ్ళు మండింది. సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడినా కదలకపోతే వెనకవాడు హారన్ కొట్టాడు.

ఆ తర్వాత పని పనే. లాండ్రీలో బాబా తెల్లబట్టలు తీసుకున్నాడు. రొట్టెల కొట్టు దగ్గర ఆగాడు. మామాకు బీపీ మాత్రలు కొన్నాడు. గ్యాసు సిలిండర్ మార్పించాడు. ప్రతిచోటా కారు దిగేటప్పుడు నిప్పుల మీద కాలు పెట్టినట్టుంది. చెప్పాల్సిన మాటను మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎటు తిప్పినా అది మెత్తబడలేదు.

మధ్యాహ్నం పళ్ళెంలో అన్నం, పప్పు పెట్టుకుని మౌలాలి గదికి వెళ్ళాడు. మౌలాలి దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తలుపు వైపే చూస్తున్నాడు. తిమ్మప్ప నేల మీద గొంతుక్కూర్చుని, రెండు కాగితాల సంగతీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పాడు. మొదటిది చెప్పేటప్పుడు మౌలాలి ముఖం విప్పారింది. రెండోది అయ్యాక దిండు వదిలి ముందుకు వంగాడు.

"గంగడే చెప్పినాడా? వాని నోటితోనే?"

"ఆ."

"భూమి పోతాదని తెలిసీ?"

"తెలిసే చెప్పినాడంట."

మౌలాలి తల ఆడించాడు. "పోనీలే. మా ముత్తాత అబద్ధం ఆడే మనిసి కాదు." అతని గొంతులో గర్వం ఉంది. ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. గోడ వైపు తిరిగి, అరచేత్తో ముఖం ఒకసారి తుడుచుకుని, మళ్ళీ ఇటు తిరిగాడు. "మీ పెద్దోళ్ళు చెప్పిందే సరి రా. నేనే ఊరికే ఇన్నేండ్లు ఎగబడినా." కాస్త నవ్వి, "ఆ పళ్ళెం ఇటియ్యి బామ్మర్దీ" అన్నాడు.

తిమ్మప్పకు చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్ళూ ఒక్కసారన్నా ఇతని నోట ఆ మాట రప్పించాలని ఎన్ని వేళాకోళాలు ఆడాడో! ఇప్పుడు వస్తే వినలేకపోయాడు. పళ్ళెం అందించి, తల వంచుకుని కూర్చున్నాడు.

"ఏం, పలకవు? బామ్మర్దీ అంటే పలకాల గదా. ఇంగ అలవాటు చేసుకో." రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కన పెట్టాడు. "శుక్రవారం పోతాండా గదా, ఆదివారం మీ ఇంట్లోనే భోజనం నాకు. నాగలక్ష్మి చేతి ఓళిగలు తింటా. నువ్వు ఫోన్లో చూసి కుళ్ళుకో."

"తినులే బావా" అన్నాడు తిమ్మప్ప. ఎందుకో ఆ మాట కూడా నోటికి చేదుగా తగిలింది.

మధ్యాహ్నం దాటాక, అసర్ నమాజు వేళకు మామాను అల్ వుకైర్‌లో చెల్లెలి ఇంట్లో దింపాలి. అంత దూరం పోవడం, ఆమె టీలూ ఖర్జూరాలూ ముచ్చట్లూ అయ్యేదాకా బయట కాచుకోవడం, మళ్ళీ తీసుకురావడం. ఆమె వెనక సీట్లో కునుకు తీస్తుంటే తిమ్మప్ప మెల్లగా నడిపాడు. ఓబన్న గుర్తొచ్చాడు. ముఖం ఎలా ఉండేదో తెలియదు. డేరా ముందు గోచీ పెట్టుకుని నిలబడ్డ ముసలాయనను ఊహించుకున్నాడు. గంగడు నీ కొడుకేనా అని దొర అడిగి ఉంటాడు. కాదని ఓబన్నకు తెలియదా? కూతుర్ని ఇచ్చి చేసినవాడు ఆయనే గదా. భూమి కోసమే అన్నాడో, ఇంకెందుకన్నాడో, అన్నాడు మాత్రం. కోర్టులో దాన్ని కొట్టేశారు గానీ, ఆయన నోటినుంచి వచ్చిన మాటను ఆయన వెనక్కి తీసుకోలేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. మామాను దింపి, కారు షెడ్డులో పెట్టి, తిమ్మప్ప తోటలోకి నడిచాడు. మౌలాలి గది బయట, గోడ నీడలో మంచం వేసుకుని, గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. తల కొంచెం పక్కకు వాలి ఉంది. ఎండ పోయాక గాలికి బయట కూర్చోవడం అతనికి అలవాటే.

"తింటివా బావా?"

జవాబు లేదు. దగ్గరికి పోయి భుజం తట్టాడు. పాదం ముట్టుకున్నాడు. వాచిన పాదం కదల్లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు, తీసి మళ్ళీ పెట్టి చూశాడు. తర్వాత మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఏడుపు రాలేదు. శుక్రవారం టికెట్టు ఉంది గదా అన్న మాటొక్కటే పదేపదే తలలో తిరిగింది.

బాబా వచ్చాడు. కర్ర ఆనించుకుని నిలబడి, ఏదో ప్రార్థన గొణిగి, తలగుడ్డ చెంగుతో కళ్ళు ఒత్తుకున్నాడు. తనే ఫోను చేశాడు. అంబులెన్సు వచ్చింది, పోలీసులు వచ్చారు. డాక్టరు చూసి తల ఊపాడు. మౌలాలిని పడుకోబెట్టి తెల్లగుడ్డ కప్పారు. పోలీసుల్లో ఒక కుర్రాడు, అట్టకు బిగించిన కాగితం పట్టుకుని తిమ్మప్ప దగ్గరికి వచ్చాడు. కాగితం మీద అరబ్బీ పక్కనే ఇంగ్లీషు. మౌలాలి కార్డు చూసి పేరు రాసుకున్నాడు, తిమ్మప్ప కార్డు చూసి పేరు రాసుకున్నాడు. పెన్ను ఒక గడి దగ్గర ఆగింది.

"తుమ్హారా క్యా లగ్తా హై?" అన్నాడు. నీకేమవుతాడు?

తిమ్మప్పకు గడప మీది పసుపు కళ్ళ ముందు మెదిలింది. వంటోళ్ళు, పీటలు, పొంగాల్సిన పాలు. ఆషాఢం. ఊళ్ళో చిన్నాయనలు పళ్ళు కొరకడం.

"యల్లా" అన్నాడు పోలీసు తొందరపెడుతూ, విసుగ్గా కాదు, చీకటి పడుతోందని.

"భాయ్" అన్నాడు తిమ్మప్ప. "బడా భాయ్. బ్రదర్."

"సొంత అన్నా?"

"సొంతమే. చూడు సార్, ఇంటిపేరు ఒకటే."

పోలీసు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూశాడు, తల ఊపాడు, గడి నింపాడు. వెనక నిలబడ్డ బాబాకు వీళ్ళ సంగతి కొంత తెలుసు. ఆయన తిమ్మప్ప వైపు ఒకసారి చూశాడు గానీ ఏమీ అనలేదు. తలుపులు మూసి అంబులెన్సు వెళ్ళిపోయింది.

అందరూ పోయాక తిమ్మప్ప పంపు దగ్గరికి వెళ్ళి పైపు విప్పాడు. చొక్కా, ప్యాంటు, సాక్సులు అన్నీ ఒంటి మీదే ఉన్నాయి. టోపీ ఒక్కటి తీసి పక్కన పెట్టి, పైపు నెత్తి మీద పెట్టుకున్నాడు. ఎండకు కాగిన నీళ్ళు మొదట చుర్రుమన్నాయి, తర్వాత చల్లబడ్డాయి. మీసం రంగు కరిగి పెదాల మీదికి కారింది. అప్పుడు వచ్చింది ఏడుపు. "అన్నా" అన్నాడు. ఎవరూ వినలేదు గనక, గొంతెత్తి ఇంకోసారి అన్నాడు.

తడి కారుతుండగానే నాగలక్ష్మికి వీడియోలో ఫోను చేశాడు. ఆమె వంటింట్లో ఉంది. అతని తడి తల చూడగానే చేతిలో గరిటె ఆగిపోయింది. ఇలాంటివి ఆ ఊరి ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఎవురయ్యా?"

"మౌలాలి."

"అయ్యో! అన్నా!" అంటూ ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "శుక్రవారం వస్తాడని పక్క గది కూడా ఊడ్పిస్తి గదయ్యా!"

కాసేపు ఏడవనిచ్చాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "నీకు అన్న కాదు నాగా. బావ అవుతాడు."

ఆమె ఏడుపు నిలిచిపోయింది. మొగుడికి బావ అయినవాడు తనకు అన్న. తనకు బావ కావాలంటే, మొగుడికి అన్న కావాలి. అర్థం కావడానికి ఆమెకు ఒక రెప్పపాటు కూడా పట్టలేదు.

"పేపర్లో కాదని వచ్చిందంటివే?"

"వచ్చింది."

"మరి?"

"పోలీసాయన అడిగినాడు. అన్న అని చెప్పినా."

"ఆదివారం సంగతేందయ్యా?"

"శ్రావణంలో చూద్దాం."

"ఇన్నేండ్లు చూసినామే ఈ ఇంటి కోసం! మీ చిన్నాయన ఒప్పుకుంటాడా? అల్లుడి సంతుకు మైల పట్టినారని ఊరంతా నవ్వరా?"

"నవ్వనీ. శవం వచ్చినాక పెద్దోనితో కొరివి పెట్టించు. నేను ఈడ దినాలు పాటిస్తా."

ఫోనులో పొయ్యి మీద నూనె కాగుతున్న చప్పుడు వినబడుతోంది. నాగలక్ష్మి అతని ముఖం చాలాసేపు చూసింది. రంగు పోయి తెల్లబడ్డ మీసం చూసింది. ఆ తర్వాత ఫోను పక్కన పెట్టేసింది. తెర మీద వంటింటి పైకప్పు మాత్రం మిగిలింది. పొయ్యి ఆర్పిన టక్కుమనే చప్పుడు వచ్చింది.

"ఏమ్మే కోడలా, తాలింపు వెయ్యొద్దు" అంటోంది ఆమె, ముక్కు చీదుకుంటూ. "వంటోళ్ళకు ఫోన్ చేసి వద్దని చెప్పు. అందరికీ నీళ్ళు తోడు. తలకు పోసుకోవల్ల. మీ పెదమామ పోయినాడు."

తిమ్మప్ప ఫోను జేబులో పెట్టుకోబోయి, జేబు తడిగా ఉందని చేతిలోనే పట్టుకున్నాడు. బయటి మంచం లోపల వెయ్యాలి, గది తలుపు వెయ్యాలి. రేపు బాబాకు చెప్పి కొన్నాళ్ళు ఒక్కపూట వంట, అదీ వేరేగా చేసుకోవాలి. మంచం ఎత్తబోతే కాలికి మెత్తగా ఏదో తగిలింది. వంగి చూశాడు. పండుతున్న ఖర్జూరపు గెలలకు పిట్టలు ముట్టకుండా తొడిగే వల సంచి అది. చిరిగిన చోట సగం దాకా దగ్గర దగ్గరగా కుట్టి ఉంది. సూది వలకే గుచ్చి ఉంది, సూదిలో ఇంకా మూరెడు దారం ఉంది.